‘డిస్కు జారడం’: పేరు, వ్యాధి స్వరూపం, శస్త్రచికిత్సా మార్గాలు

ఉపోద్ఘాతం:
నడుము నుండి కాలిలోకి పాకే నొప్పికి కారణం చెప్పేటప్పుడు తెలుగు వ్యవహారంలో తరచుగా వినిపించే మాట ‘డిస్కు జారింది’. జారినదాన్ని మళ్ళీ యథాస్థానానికి చేర్చవచ్చుననే ఊహ ఈ మాటలోనే ఇమిడి ఉంది. శస్త్రచికిత్స గురించిన అపోహకు కూడా ఈ ఊహ చోటిస్తుంది. ఆ పేరు వెనుక ఉన్న వ్యాధి స్వరూపాన్ని, శస్త్రచికిత్సా మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. వ్యాధి స్వరూపం:
రెండు వెన్నుపూసల నడుమ మెత్తని దిండులా అమరి ఉండేదే డిస్కు. దీనికి వెలుపల గట్టి నారల వలయం, లోపల జిగురు వంటి గుజ్జు ఉంటాయి. వలయం చిట్లినప్పుడు గుజ్జు వెలుపలికి పొడుచుకువచ్చి నాడీమూలాన్ని ఒత్తుతుంది. అంటే డిస్కు మొత్తంగా జారదు. అందులో కొంత భాగం మాత్రమే బయటికి వస్తుంది. ఈ ఒత్తిడికీ కాలినొప్పికీ గల సంబంధాన్ని 1934లో అమెరికన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ ప్రచురించిన పత్రం స్థిరపరిచింది.

2. శస్త్రచికిత్సా మార్గాలు:
ప్రధానమైన శస్త్రచికిత్స డిస్కెక్టమీ. ‘ఎక్టమీ’ అనే గ్రీకు మూల పదాంశానికి కోసి తొలగించడమని అర్థం. నాడిని ఒత్తుతున్న ముక్కను తీసివేయడమే ఇందులో జరిగే పని. దేనినీ వెనక్కి నెట్టడం ఉండదు. సూక్ష్మదర్శిని సాయంతో చిన్న కోతతో చేసేది మైక్రోడిస్కెక్టమీ. సన్నని గొట్టం, కెమెరా ద్వారా చేసేది ఎండోస్కోపిక్ పద్ధతి. నాడికి చోటు చాలనప్పుడు పూస వెనుక భాగపు ఎముకను తొలగించడం లామినెక్టమీ. పూసలను అతికించే ఫ్యూజన్ సాధారణ రోగులకు అవసరపడదు. పూసల నిలకడ దెబ్బతిన్నప్పుడు దాన్ని పరిశీలిస్తారు.

3. ఎప్పుడు అవసరం?
మూత్రం ఆగిపోవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల లోపలి భాగం, మలద్వారం చుట్టూ తిమ్మిరి అత్యవసర లక్షణాలు. వీటిలో ఆలస్యం శాశ్వత నష్టానికి దారితీయవచ్చు. కాలి బలహీనత పెరుగుతున్నా వెంటనే వైద్యుని సంప్రదించాలి. ఇతరులలో చాలామందికి కొన్ని వారాలలో నొప్పి తగ్గుతుంది. బయటికి వచ్చిన గుజ్జును శరీరమే క్రమంగా కరిగించుకోవడం కూడా కద్దు.

నెదర్లాండ్స్‌లో 283 మంది రోగులపై జరిగి, 2007లో వెలువడిన పరిశోధన ఈ సందర్భంలో గమనార్హం. త్వరగా శస్త్రచికిత్స పొందినవారికి కాలినొప్పి వేగంగా తగ్గింది. అయితే ఏడాది తర్వాత ఉభయ వర్గాలలోనూ సుమారు 95 శాతం మంది కోలుకున్నారు. వేచిచూసే వర్గంలో 39 శాతం మందికి ఆ ఏడాదిలోనే శస్త్రచికిత్స జరిగిందన్నదీ మరువరాదు. కనుక అత్యవసర లక్షణాలు లేనప్పుడు రోగి ముందున్న ప్రశ్న నొప్పిని ఎంతకాలం భరించగలడన్నదే.

ముగింపు:
శస్త్రచికిత్సకు రోగి ఇచ్చే అంగీకారం అవగాహనతో కూడినదై ఉండాలి. ఆ అవగాహన మాటతోనే మొదలవుతుంది. ‘జారింది’ అనడం కంటే ‘చిట్లి ఉబికింది’ అనడం వాస్తవానికి దగ్గర. అప్పుడు తొలగించేది ఏమిటో, వేచి ఉంటే తగ్గే అవకాశం ఎందుకుందో రోగికి స్పష్టమవుతుంది. వైద్య పరిభాషను తెలుగులో రూపొందించేవారు ఈ భేదాన్ని గుర్తించడం అవసరం.