లోగో లాంటి సన్నని అక్షరాలు ఎక్కడ దొరుకుతాయి?

మేము ముగ్గురం ఈ హాస్టల్‌లోనే చదివి, ఇప్పుడు పీజీ చేస్తున్నవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ చేతికి అందుకున్న మొదటివాళ్లం కూడా మేమే. అందుకే వార్షికోత్సవం బ్యానర్ పని అన్నలైన మా మీద పడింది.

తమ్ముళ్లు పాత యూట్యూబ్ లోగో చూపించి, "అన్నా, మన హాస్టల్ పేరు గిట్లనే నిలువుగ, సన్నగ రావాలె" అన్నారు. గోదావరిఖనిలో ఒక ఫ్లెక్సీ షాపుకు వెళ్లాం. మన పేరేమో చిన్నది కాదు: ప్రభుత్వ సాంఘిక సంక్షేమ బాలుర వసతి గృహం. పది అడుగుల బ్యానర్‌లో ఒకే వరుసలో పట్టడానికి షాపతను మౌస్‌తో అక్షరాలను రెండు పక్కల నుంచి నొక్కేశాడు. పేరు పట్టింది. గేటుకు కట్టాక మాలో ఒకరి నాన్న వచ్చారు. సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరైన మనిషి, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. "ప్రభుత్వ సాం..." దగ్గర ఆగిపోయి, "గిదేం అచ్చరం బిడ్డా?" అని అడిగారు. కొడుకు చదివిన హాస్టల్ పేరు ఆయనకు అందలేదు. ఆ రాత్రే బ్యానర్ విప్పేశాం.

తప్పెక్కడ జరిగింది? అక్షరాన్ని అరవై శాతం వెడల్పుకు నొక్కితే 10 మిల్లీమీటర్ల నిలువు గీత 6 అవుతుంది. అడ్డగీత మాత్రం 10గానే ఉంటుంది. సున్న కోడిగుడ్డవుతుంది, 'ఘి'లోని మెలికలు ఒకదానికొకటి అంటుకుంటాయి. గని గోడల మీద రక్షణ నినాదాలు రాసే పెయింటర్లను గుర్తు చేసుకోండి. చోటు తక్కువైతే వాళ్లు అక్షరాన్ని సన్నగా రాస్తారు. కానీ చేతిలో కుంచె అదే కదా, గీత మందం మారదు. కండెన్స్‌డ్ ఫాంటు అంటే సరిగ్గా ఇదే. డిజైనరు మొదటి నుంచీ ఇరుకు చోటు కోసం గీసిన అక్షరం అది, నొక్కింది కాదు. సాన్స్ సెరిఫ్ అంటే గీతల చివర చిన్న కొక్కేలు లేనిది.

2005 నాటి యూట్యూబ్ లోగోలో వాడింది ఆల్టర్నేట్ గోథిక్ నంబర్ 2. దాన్ని గీసినవాడు మోరిస్ ఫుల్లర్ బెంటన్, అదీ 1903లో! నూరేళ్ల నాటి పత్రికా శీర్షికల అక్షరం మన తమ్ముళ్లకు కొత్తగా కనబడింది మరి. ఆ కుటుంబం నుంచే 2009లో లీగ్ గోథిక్ ఉచితంగా వచ్చింది. 2011లో వెర్నన్ ఆడమ్స్ చేసిన ఆస్వాల్డ్ కూడా ఆ పోలికదే. బేబస్ న్యూ అందంగా ఉంటుంది గానీ అందులో పెద్దబడి అక్షరాలే ఉంటాయి. పోలిక పట్టాలంటే మొదట O చూడండి: పక్కలు గుండ్రమా, నిట్టనిలువా? తర్వాత R కాలు, G లోపలి గీత. ఈ మూడూ కలిస్తే చాలావరకు దొరికినట్టే.

తెలుగు దగ్గరే అసలు చిక్కు. మన అక్షరం గుండ్రం, పైగా కింద వత్తులు. 'క్షే' కింది వత్తు రెండో వరుసలోని 'వార్షికోత్సవం' తల మీద కూర్చుంటుంది. వెడల్పులో మిగిల్చుకున్న చోటు ఎత్తులో ఇచ్చుకోక తప్పదు. సిలికానాంధ్ర ఇచ్చిన రామభద్ర శీర్షికలకు బాగుంటుంది, అయితే అది సన్నని అక్షరం కాదు. మాకు పనికొచ్చినవి రెండు. ఒకటి నోటో సాన్స్ తెలుగు, దాంట్లో కండెన్స్‌డ్ రకాలున్నాయి. రెండోది ముంబైకి చెందిన ఏక్ టైప్ వాళ్ల అనెక్ తెలుగు, 2022లో గూగుల్ ఫాంట్స్‌లోకి వచ్చింది. దాని వెడల్పును 75 నుంచి 125 వరకు మనమే జరుపుకోవచ్చు, గీత మందం వేరుగా మార్చుకోవచ్చు. రెండూ ఉచితమే. మాకు అనెక్ నచ్చింది. ఇంగ్లీషు అక్షరాలకు అనెక్ లాటిన్ కూడా ఉంది కాబట్టి రెండు భాషలూ ఒకే ఇంటివాళ్లలా కనిపిస్తాయి.

ఏ ఫాంటు తీసుకున్నా ముందు 'రాష్ట్రం', 'గ్రంథాలయం', 'సాంఘిక సంక్షేమ' టైపు చేసి పది అడుగుల దూరం నుంచి చూడండి. 'థ' లోపలి చుక్క కనబడకపోతే దాన్ని వదిలేయండి. ఇంకో మాట, షాపుల్లో పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉంటే యూనికోడ్ అక్షరాలు అక్కడ విరిగిపోతాయి. ఇంక్‌స్కేప్‌లో టైపు చేసి, అక్షరాలను గీతలుగా మార్చి, పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లండి. అప్పుడు వాళ్ల దగ్గర ఆ ఫాంటు లేకున్నా ఫర్వాలేదు. లోగోను మాత్రం యథాతథంగా దించకండి, అది కంపెనీ సొత్తు.

రెండో బ్యానర్‌లో పేరును రెండు వరుసలు చేశాం. అనెక్ వెడల్పు 75 పెట్టి చూస్తే ఇరుకనిపించింది, 85 దగ్గర ఆపాం. వార్షికోత్సవం రోజు ఆ నాన్న మళ్లీ వచ్చి గేటు ముందు నిలబడి చదివారు, 'గృహం' దాకా. 'గృ' దగ్గర మాత్రం కొంచెం తడబడ్డారు.