కుంటే కోడికి ఎక్స్‌రే ఏం చెబుతుంది?

ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి ఎముకల బాధ చదవడం నల్లగొండ జిల్లాకు కొత్త కాదు. ఇక్కడి ఫ్లోరోసిస్ మీద ఎ.హెచ్.సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారి వెన్నెముక ఫిల్ములో మామూలుకన్నా చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర కూడా గట్టిపడి గీతలా తేలుతుంది. మర్రిగూడ వైపు ఊళ్లలో ఈ నడుము నొప్పులు, వంగని మోకాళ్లు తెలియని ఇల్లు తక్కువ.

అదే ఇంటి పెరట్లో నాటు కోడి కుంటితే మాత్రం ఫిల్ము దాకా వెళ్లేవారు అరుదు. పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తారు. తెలిసినవాళ్లు చెప్పిన మందేదో మింగిస్తారు. కీలు వాచిందంటే దెబ్బ తగిలి ఉండొచ్చు, సూక్ష్మజీవులు చేరి ఉండొచ్చు, గౌట్ కావచ్చు. పైనుంచి చూస్తే మూడూ ఒకటే వాపు. మూడింటికీ మందు ఒకటి కాదు. మూత్రపిండాలు దెబ్బతిన్న పక్షికి నొప్పి తగ్గించే మందే ప్రాణం మీదికి తేవచ్చు. రాబందులు నొప్పి మందు వల్లే పోయాయి. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాల నిండా యూరిక్ ఆమ్లం పేరుకుందని 2004లో తేలింది. 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది.

పక్షులు, చాలా సరీసృపాలు వ్యర్థ నత్రజనిని యూరిక్ ఆమ్లంగా బయటికి పంపుతాయి. కోడి రెట్టలో తెల్లగా కనిపించే భాగం అదే. మూత్రపిండాలు మొరాయిస్తే ఆ తెలుపు రక్తంలో మిగిలిపోయి స్ఫటికాలై కీళ్లలోనో, గుండె, కాలేయాల మీదనో చేరుతుంది. గౌట్ అంటే ఇదే. మహబూబ్‌నగర్ ఎండల్లో షెడ్డులో నీళ్లు ఆగిపోవడం ఒక కారణం. మేత తారుమారు కావడం మరొకటి. గుడ్లు పెట్టే కోళ్ల మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. పెరిగే పిల్లలకు 1 శాతం చాలు. మిగిలిపోయింది కదా అని ఆ మేతే పిల్లలకు వేస్తే మూత్రపిండాలు పాడవుతాయి. కొన్ని రకాల బ్రాంకైటిస్ వైరస్‌లూ ఈ పనే చేస్తాయి.

మరి ఎక్స్‌రేలో ఈ స్ఫటికాలు కనిపిస్తాయా? మొదట్లో కనిపించవు. యూరిక్ ఆమ్లం ఎక్స్‌కిరణాలను పెద్దగా అడ్డుకోదు కాబట్టి కీలు చుట్టూ వాపు నీడ మాత్రమే పడుతుంది. రోగం ముదిరాక ఎముక అంచున కొరికినట్టు గుంతలు తేలతాయి. దెబ్బ వల్ల ఎముక విరిగి ఉంటే తొలి రోజే తెలుస్తుంది. సూక్ష్మజీవుల పని తేలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తాబేలు, మొసలి లాంటి వాటిలో ఇంకా ఆలస్యం. వాటి ఎముక కొత్త పొర కట్టడంలో చాలా నెమ్మది కాబట్టి గుంత కనిపించినా అది గౌటా, సూక్ష్మజీవుల పనా తేలడం కష్టం. అప్పుడు సన్నని సూదితో కీలులోంచి చుక్క ద్రవం తీసి మైక్రోస్కోపు కింద పెడతారు. సూదుల్లాంటి స్ఫటికాలు మెరిస్తే గౌట్ అని తేలినట్టే. కీలులో ద్రవం ఎంత ఉందో, సూది ఎటు దించాలో అల్ట్రాసౌండ్ చూపిస్తుంది.

పెట్ట ఫిల్ములో ఇంకో చిక్కు ఉంది. గుడ్లు పెట్టే ముందు దాని తొడ ఎముక లోపలి బోలు కొత్త ఎముకతో నిండుతుంది. గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియం నిల్వ అది. ఫిల్ములో ఆ ఎముక తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ఫ్లోరోసిస్ ఫిల్ములు చూసి చూసి అలవాటైన కంటికి అది జబ్బులాగే తోస్తుంది. అందుకే మంచి పశువైద్యుడు ఫిల్ము చూసే ముందు పెట్ట గుడ్లు పెడుతోందా అని అడుగుతాడు, రెండో కాలినీ పక్కన పెట్టి పోలుస్తాడు.

ఫొటో తీయడమూ ఓర్పుతో కూడిన పనే. పక్షికి మనలా ఉదరవితానం ఉండదు. రొమ్ము ఎముక పైకీ కిందికీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. నెమలిని కదలకుండా పట్టుకునే తొందరలో రొమ్ము నొక్కితే ప్రాణం పోతుంది. అందుకే మత్తు వాయువు ఇచ్చి, రెక్కలు, కాళ్లు చాచి, ఈకలు ఊడకుండా తేలిక టేపు అంటిస్తారు. నక్షత్ర తాబేలును మెడ, కాళ్లు బయటికి చాచినప్పుడు పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి తీస్తారు. డిప్ప నీడ కీళ్ల మీద పడి తికమక పెడితే సి.టి.స్కాన్ పొరపొరలుగా విడదీసి చూపుతుంది.

గౌట్ చాలా పాత జబ్బు. అమెరికాలోని సౌత్ డకోటాలో 1990లో దొరికిన సూ అనే టైరనోసారస్ చేతి ఎముకల్లో గౌట్‌ను పోలిన గుంతలు ఉన్నాయని 1997లో నేచర్ పత్రికలో పరిశోధకులు రాశారు. స్ఫటికాలు ఎప్పుడో పోయాయి, అవి కొరికిన గుర్తులు మిగిలాయి.

వందల కోళ్లున్న షెడ్డులో చచ్చిన కోడిని కోసి చూడటమే చవక. గుండె మీద సుద్దపొడిలా తెలుపు కనిపిస్తే మేత, నీళ్లు వెంటనే సరిచూడాలి. కోయడానికి వీల్లేని నెమలికి, తాబేలుకు, పిల్లలు ప్రేమగా పెంచుకున్న ఒక్క పెట్టకు మాత్రం ఫిల్మే దారి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దాకా తీసుకెళ్లేవారు కోడి కాళ్లు కట్టి తలకిందులుగా పట్టుకోకూడదు. ఆ తాడు వల్లే కీలు కొత్తగా వాస్తుంది. గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, అది తినే మేత కొంచెం వెంట తీసుకెళ్తే వైద్యుడికి సగం సంగతి అక్కడే దొరుకుతుంది.