మా ఉద్దానానికి ఏ పువ్వు?

మొన్న టెక్కలి నుంచి మా చిన్న తోటికోడలి కూతురు వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. "పెద్దమ్మా, తెలంగాణకి తంగేడు, ఆంధ్రాకి మల్లె. మరి మన ఉద్దానానికి ఏ పువ్వు?" అనడిగింది.

నిజమే! తెలంగాణ 2014లో తంగేడును ఎంచుకుంది. ఎవరూ నీళ్లు పోయకుండానే బీళ్లలో పూసి, బతుకమ్మలో కొలువుతీరే పువ్వది. మనకి 2018లో మల్లెను ప్రకటించారు. మల్లె మీద నాకు కోపమేం లేదు గానీ, అది పెరటి పువ్వు. బ్రిటన్‌లో 2002లో ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ ఒక్కో కౌంటీకి ఒక్కో అడవిపువ్వు చొప్పున జనం చేత ఓట్లు వేయించింది.

మా పలాస అంటే జీడిపప్పే కదా, జీడిపూతకి వేద్దామంటే ఆ చెట్టు బ్రెజిల్ నుంచి వచ్చింది. నా ఓటు మొగలికే! తీరం పొడుగునా ఇసుకదిబ్బల మీద, తోట గట్ల మీద దానంతటదే పెరుగుతుంది. ఊడల్లాంటి వేళ్లతో ఇసుకను పట్టి ఉంచుతుంది. ఘుమఘుమలాడేది మగచెట్టు పువ్వే. ఆడచెట్టుకి అనాసలాంటి కాయ కాస్తుంది. (ఆడవాళ్ల పేజీలో ఈ మాట రాయాల్సొచ్చింది, ఏం చేస్తాం!) సరిహద్దు దాటితే గంజాం జిల్లాలో ఈ పువ్వుల్ని బట్టీల మీద కాచి అత్తరు తీస్తారు. బిర్యానీలో చల్లే కేవడా నీళ్లూ దీనివే.

చిన్నప్పుడు మా అమ్మ పొదలో పాముంటుందని ముందు కర్రతో కొట్టి, తర్వాతే పువ్వు కోసేది. ఓ రేకు జడలోకి, మిగతావి చీరల పెట్టెలోకి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పుట్టింటి కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. గట్టు మీది మొగలి మాత్రం వంగి, మళ్లీ లేచింది. ఆ గట్టునే ఈ ఏడు చదును చేసి తీగల కంచె వేస్తానన్నాడు తమ్ముడు. "ఏటక్కా, ముళ్లడొంక కోసం ఇంత రగడేటి?" అన్నాడు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల మాట పుట్టింట్లో ఎంతవరకు చెల్లుతుందో మీకు తెలియంది కాదు. రెండు రోజులు మాటల్లేవు. చివరికి సముద్రం వైపు సగం వదిలేశాడు. మిగతా సగం పోయింది.

పోయిన దాన్లోంచి రెండు పిలకలు తెచ్చుకున్నా. ఒకటి ఆ పిల్లకిచ్చి టెక్కలి పెరట్లో నాటమన్నాను. మగచెట్టుదే, చూసే తెచ్చాను.