షిల్లర్ విలాపగీతం, బ్రామ్స్ బృందగానం

1880 జనవరిలో వెనిస్ నగరంలో జర్మన్ చిత్రకారుడు అన్సెల్మ్ ఫోయర్‌బాఖ్ మరణించినప్పుడు, వియన్నాలో స్థిరపడిన ఆయన మిత్రుడు, స్వరకర్త యోహన్నెస్ బ్రామ్స్ ఆ స్మృతికి సంగీతరూపంలో నివాళి అర్పించాలని సంకల్పించి, కవి షిల్లర్ 1799లో రాసిన ‘నేనీ’ కవితను అందుకు ఎన్నుకున్నాడు. ప్రాచీన రోమన్లు అంత్యక్రియల వేళ పాడే శోకగీతానికి ఆ పేరు ఉండేది. బ్రామ్స్‌కు కొన్నేళ్ల ముందే హెర్మన్ గోట్స్ ఇదే కవితను బృందగానంగా మలిచాడు. అయినా, గ్రీకు ఇతివృత్తాలను తన్మయత్వంతో చిత్రించిన కళాకారునికి గ్రీకు పురాణాలతో అల్లిన కవితను మించిన నివాళి లేదు. 1881 వేసవిలో పూర్తయిన ఈ రచనను చిత్రకారుని సవతి తల్లి హెన్రియెట్‌కు అంకితమిచ్చిన బ్రామ్స్, అదే ఏడాది డిసెంబర్ 6న జ్యూరిక్‌లో స్వయంగా నిర్వహిస్తూ తొలిసారి వినిపించాడు.

సౌందర్యానికీ మరణం తప్పదన్న చింతనతో మొదలయ్యే కవితలో ఉన్నవి 14 పాదాలే. చనిపోయిన భార్యను పాతాళం నుంచి వెంట తెచ్చుకుంటూ గడప దగ్గర మళ్లీ పోగొట్టుకున్న ఆర్ఫియస్, అడవిపంది కోరకు బలైన అడోనిస్, ట్రాయ్ కోటద్వారం ముందు నేలకొరిగిన అకిలీస్ అందులో కనిపిస్తారు గానీ, వారి పేర్లను కవి ఎక్కడా ఉచ్చరించడు. బ్రామ్స్ రచనలో, సన్నాయిలాగే పీకతో ఊదే ఓబో వాద్యం సుదీర్ఘంగా ఆలపించిన తరువాతనే గాయకులు గొంతు విప్పుతారు. స్త్రీల పైస్థాయి కంఠాలైన సొప్రానోలు ఎత్తుకున్న స్వరవాక్యాన్ని ఆల్టోలు, పురుష కంఠాలైన టెనర్లు, బాస్‌లు ఒక్కొక్కరుగా అందుకోవడంతో, ఒకే మాట వేర్వేరు నోళ్లలో ఒకదానిపై ఒకటి పరుచుకుంటుంది. ఇది శోకగీతమే అయినా, మన శంకరాభరణం స్వరాలకు సరిపోలే మేజర్ స్వరశ్రేణిలో, ఆరు మాత్రల నెమ్మదైన నడకలో సాగుతుంది. అకిలీస్ తల్లి థెటిస్ కొడుకు కోసం విలపించడానికి సముద్రం నుంచి పైకి వచ్చే చోట మాత్రం ఆధారస్వరం, తాళం రెండూ మారి గానం ఉప్పొంగుతుంది. దేవతలందరూ కన్నీరు పెట్టిన పిమ్మట గానీ మొదటి నడక తిరిగి రాదు.

బ్రామ్స్ ప్రతిభకు అసలైన నిదర్శనం ముగింపే. సామాన్యమైనది ఏ శోకగీతమూ లేకుండా పాతాళానికి దిగిపోతుందన్న మాటతో షిల్లర్ కవితను ముగించగా, బ్రామ్స్ ఆ పాదాన్ని పాడించి, అక్కడ ఆగక వెనుకటి పాదానికి మళ్లి, ప్రియమైనవారి నోట విలాపగీతమై నిలవడం కూడా మహనీయమేనన్న భావాన్ని పునరుక్తం చేసి, ‘మహనీయం’ అన్న అర్థమిచ్చే పదం మీదనే బృందాన్ని నిలిపాడు. కవితలోని ఒక్క మాటనూ మార్చకుండానే, చివర ఏది మిగలాలో ఆయన నిర్ణయించాడు. ఇక్కడ స్వర్గం గురించి గానీ, పునర్జన్మ గురించి గానీ హామీ లేదు. ఓదార్పు అంతా మిగిలినవారి గానంలోనే ఉంది, అందుకే అది నమ్మదగినదిగా తోస్తుంది.

పాశ్చాత్య బృందగానంతో పరిచయం లేని శ్రోతలు గంటకు పైగా సాగే ఆయన ‘జర్మన్ రిక్వియమ్’ జోలికి పోకుండా, పావుగంటలోపు ముగిసే ఈ రచనను కవిత భావం ముందుగా తెలుసుకుని రెండుసార్లు వినడం మేలు.