పెట్టె రాదు.. తాళంచెవి వస్తుంది

సినిమా ఒకప్పుడు రేకు పెట్టెలో ఊరు చేరేది. ఇప్పుడు ఎవరి కంటా పడకుండా వచ్చేస్తోంది. నల్లగొండ జిల్లా నిడమనూరు చుట్టుపక్కల థియేటర్లలో, ఫోన్లలో, పెళ్ళి పందిళ్ళలో క్లౌడ్ తెచ్చిన మార్పు ఏమిటి? అందులో మన చేతికి వచ్చిందెంత, మన చేతిలో లేనిదెంత?

‘‘బాక్సు వచ్చిందా?’’

ఇరవై ఏళ్ళ కిందట కొత్త సినిమా పడే రోజు పొద్దున మిర్యాలగూడలోనైనా, సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా థియేటర్ గేటు ముందు వినపడే మొదటి ప్రశ్న ఇదే. రేకు పెట్టెల్లో సర్దిన రీళ్ళు బస్సులోనో, రైల్లోనో, డిస్ట్రిబ్యూటర్ పంపిన మనిషి వెంటో వచ్చేవి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రెండున్నర గంటల బొమ్మ అంటే పద్నాలుగు రీళ్ళు. ఒక్క ప్రింటు తీయించడానికే అర లక్షకు పైగా అయ్యేది. అందుకే నైజాం ఏరియా మొత్తానికి ఆచితూచి ప్రింట్లు వేసేవాళ్ళు. ముందు ఎ సెంటర్లు, అక్కడ జనం పల్చబడ్డాక బి సెంటర్లు, ఆఖరున సి సెంటర్లు. హైదరాబాద్‌లో యాభై రోజుల పోస్టరు పడ్డాక గానీ కొన్ని ఊళ్ళకు సినిమా చేరేది కాదు. చేరేసరికి రీళ్ళ నిండా గీతలు, మధ్యలో అతుకులు, సగం ఎగిరిపోయిన పాటలు.

నిడమనూరు లాంటి మండలాల వాళ్ళకు సినిమా అంటే పట్నం ప్రయాణమే. నాట్లు అయిపోయాకో, ధాన్యం అమ్ముకున్నాకో మిర్యాలగూడ బస్సెక్కేవాళ్ళు. లేదంటే పండక్కి వీసీపీ, కలర్ టీవీ అద్దెకు తెచ్చి వాకిట్లో రాత్రంతా మూడు సినిమాలు వేసుకునేవాళ్ళు. వీడియో ఊళ్ళోకి రావడమంటే ఒక వస్తువు రావడం. దాన్ని మోసే మనిషి, దింపే చోటు, తిరిగి పంపే గడువు.. అన్నీ కంటికి కనిపించేవి.

శతదినోత్సవాలు ఎందుకు పోయాయని పాత తరం ప్రేక్షకులు బాధపడుతుంటారు. జనం అభిరుచి మారిందనో, సినిమాల్లో పస తగ్గిందనో అంటారు. నా లెక్కలో అసలు కారణం ప్రింటే. ప్రింట్లు తక్కువ ఉన్నప్పుడు చుట్టుపక్కల పల్లెల జనమంతా ఒకే థియేటర్‌కు రావాలి, అదీ నెలల తరబడి వంతుల వారీగా రావాలి. వంద రోజులు అలా నిండేవి. ఊరూరా ఒకే రోజు ఒకే ఆటకు బొమ్మ పడటం మొదలయ్యాక వంద రోజులు చూసే జనం మొదటి మూడు రోజుల్లోనే అయిపోతున్నారు.

తాళం ఎవరి చేతిలో?

2005 నుంచి పెట్టెకు రోజులు దగ్గర పడ్డాయి. యూఎఫ్ఓ మూవీజ్ సంస్థ సినిమాను ఉపగ్రహం మీదుగా ప్రొజెక్టర్ గదిలోని సర్వర్‌లోకి దించే పద్ధతి తెచ్చింది. చెన్నైకి చెందిన రియల్ ఇమేజ్ సంస్థ ‘క్యూబ్’ పేరుతో హార్డ్‌డిస్కుల్లో పంపింది. పదేళ్ళు తిరిగేసరికి తెలుగునాట రీలు దాదాపు మాయమైంది. తర్వాతి మెట్టు క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీదుగా అద్దెకు దొరికే సర్వర్లు. థియేటర్ కోసం తయారయ్యే సినిమా ఫైలును డీసీపీ అంటారు. ఒక్కోటి వంద జీబీ దాటుతుంది, రెండు వందలు దాటేవీ ఉంటాయి. దాన్ని ఒక్కసారి క్లౌడ్‌లోకి ఎక్కిస్తే కోదాడ థియేటరైనా, అమెరికాలోని డల్లాస్ థియేటరైనా అక్కణ్ణుంచే దించుకోవచ్చు. క్యూబ్ సంస్థే ఇప్పుడు ‘క్యూబ్ వైర్’ పేరుతో దేశదేశాల థియేటర్లకు ఈ పని చేస్తోంది.

ఫైలు ముందే వచ్చి సర్వర్‌లో కూర్చుంటుంది. కానీ ఆడదు. ఆడాలంటే కేడీఎం అనే తాళంచెవి కావాలి. అది ఈమెయిల్లో వచ్చే కొద్ది కిలోబైట్ల ఫైలు. ఫలానా థియేటర్లోని ఫలానా సర్వర్ మీద, ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు మాత్రమే ఈ సినిమాను తెరవవచ్చని అందులో రాసి ఉంటుంది. పక్క స్క్రీన్‌కు అది పనికిరాదు. గడువు దాటిందా, సినిమా డిస్కులో ఉన్నా లేనట్టే. విడుదల రోజు పొద్దున ఇప్పుడు థియేటర్ మేనేజర్లు ఒకరికొకరు ఫోన్ చేసి అడిగేది ‘‘కేడీఎం వచ్చిందా?’’ అని.

దీనివల్ల నిర్మాతకు జరిగిన మేలు చిన్నది కాదు. ఏ థియేటర్లో ఎన్ని ఆటలు పడ్డాయో సర్వర్ నమోదు చేస్తుంది. లెక్కలో చూపని ఆటలు వేయడం కష్టమైంది. ప్రింట్లకు డబ్బు పెట్టలేని చిన్న నిర్మాత కూడా ఒకేసారి పదుల సెంటర్లలో విడుదల చేయగలుగుతున్నాడు. అటువైపు, బాకీ పడ్డ ఫైనాన్షియర్ ‘క్లియరెన్స్’ ఇవ్వకపోతే తాళంచెవి బయటికి రాదు. టికెట్లు కొనుక్కున్న జనం పొద్దుటి ఆటకు గేటు దగ్గర నిలబడి ఉంటారు. రీళ్ళ రోజుల్లోనూ ల్యాబు దగ్గర ఇదే తంతు నడిచేది. ఊరు దాటిన పెట్టెను వెనక్కి రప్పించడం మాత్రం అప్పుడు ఎవరికీ అంత తేలిక కాదు. ఇప్పుడు అన్ని ఊళ్ళ తాళమూ ఒకే చోట ఉంది.

డబ్బు తగాదా కూడా ఆ తాళం చుట్టూనే తిరిగింది. 2018 మార్చి 2 నుంచి తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు మూతపడ్డాయి. డిజిటల్ సర్వీసు సంస్థలు వసూలు చేసే వర్చువల్ ప్రింట్ ఫీజు తగ్గించాలని దక్షిణాది నిర్మాతలు పట్టుబట్టారు. రీలు నుంచి డిజిటల్‌కు మారేటప్పుడు ప్రొజెక్టర్ల ఖర్చు రాబట్టడానికి పుట్టిన రుసుము అది. ఖర్చు రాబట్టుకున్నాక కూడా వసూలు చేయడమేమిటన్నది నిర్మాతల ప్రశ్న. కొద్ది రోజుల్లోనే తెలుగునాట రాజీ కుదిరి ఆటలు మొదలయ్యాయి. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ప్రింటు ఖర్చు పోయిందని సంబరపడినంత సేపు పట్టలేదు, దారి యజమాని టోలు అడగడానికి.

భద్రత సంగతీ అంతే. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒక పైరసీ ముఠాను పట్టుకున్నారు. థియేటర్లో ఫోన్‌తో చిత్రీకరించడమే కాదు, సినిమాలు పంపిణీ చేసే డిజిటల్ సంస్థల సర్వర్లలోకి కూడా చొరబడ్డారని పోలీసులు చెప్పారు. అన్నీ ఒకే చోట ఉంటే దొంగ చూపూ అక్కడే ఉంటుంది.

ఎడమ కాల్వ కింద

ఇక ఫోన్‌లోకి వచ్చే వీడియో సంగతి. నెట్‌ఫ్లిక్స్ 2008 ఆగస్టు దాకా తన సొంత డేటా సెంటర్ల మీదే నడిచింది. ఆ నెలలో డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయింది. దాంతో అంతా అమెజాన్ క్లౌడ్‌కు మార్చాలని నిర్ణయించుకుంది. ఆ పని పూర్తవడానికి ఏడేళ్ళు పట్టింది, 2016 జనవరిలో ముగిసింది. భారత్‌లో నెట్‌ఫ్లిక్స్ అడుగుపెట్టింది కూడా అదే నెల 6న. అదే ఏడాది సెప్టెంబరు 5న జియో వచ్చింది. ఈ రెండూ వచ్చాక మన పల్లెల్లో సినిమా చూసే తీరు తిరగబడింది.

క్లౌడ్‌లో ఉన్న సినిమా నిడమనూరు ఎలా చేరుతుందో అక్కడి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్ళు వదిలినప్పటి నుంచి ఆ ఊరు చూస్తున్నదే. జలాశయం నుంచి ఎడమ కాల్వ, కాల్వ నుంచి మేజర్లు, మేజర్ల నుంచి మైనర్లు, అక్కణ్ణుంచి తూము, ఆఖరున మడి. ప్రతి రైతూ సాగర్ డ్యామ్ దాకా వెళ్ళి నీళ్ళు తెచ్చుకోడు. వీడియో కూడా అంతే. ముంబయిలోనో, సింగపూర్‌లోనో ఉన్న అసలు ఫైలు దగ్గరికి ప్రతి ఫోనూ పోదు. ఎక్కువ మంది చూసే వాటిని జనానికి దగ్గరి ఊళ్ళలో, ఇంటర్నెట్ కంపెనీల గదుల్లో పెట్టిన సర్వర్లలో ముందే నింపి ఉంచుతారు. దీన్నే సీడీఎన్ అంటారు. నెట్‌ఫ్లిక్స్ తన సొంత పెట్టెలను ఇలాగే ఇంటర్నెట్ కంపెనీలకు ఇస్తుంది. రద్దీ లేని వేళల్లో అవి నిండుతాయి, సాయంత్రం జనం చూస్తారు. సినిమాను కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి పెడతారు. సిగ్నల్ బాగుంటే ఫోను పెద్ద ముక్క అడుగుతుంది, తగ్గితే చిన్నది. బొమ్మ ఉన్నట్టుండి మసకబారి మళ్ళీ తేటపడటానికి కారణం ఇదే.

కాల్వ చివరి భూముల గోడు ఇక్కడా ఉంది. పైన ఎంత నీరున్నా మైనర్ పూడిపోతే చివరి మడి తడవదు. హైదరాబాద్ చుట్టూ అమెజాన్ డేటా సెంటర్లకు రూ.20,761 కోట్ల పెట్టుబడి అని 2020 నవంబరులో ప్రకటించారు. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాద్ రీజియన్ పని మొదలుపెట్టింది. విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో చెప్పింది. జలాశయాలు మన పక్కనే నిండుతున్నాయి. పొద్దుగూకాక ఒకే టవర్ మీద పది ఊళ్ళ ఫోన్లు పడితే మాత్రం బొమ్మ మధ్యలో గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. క్లౌడ్ గురించి జరిగే చర్చంతా పై కొసనే తిరుగుతోంది. కింది కొస గురించి మాట్లాడేవాళ్ళు కావాలి.

పై కొసలో జరిగే పని గొప్పది, కాదనలేం. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే క్షణాన 2.5 కోట్ల మంది చూశారు. ధోనీ రనౌట్ కాగానే అంతమందీ ఒక్కసారిగా మ్యాచ్ వదిలి వెనక్కి మళ్ళారు. వీడియో బరువు తగ్గినా, అందరూ హోమ్ పేజీ మీద పడటంతో ఆ సర్వర్ల మీద బరువు పెరుగుతుంది. ఇలాంటి క్షణాల కోసమే మ్యాచ్‌కు ముందే వందల సర్వర్లు అద్దెకు తీసి సిద్ధంగా ఉంచుతారు, ఆట అయ్యాక వదిలేస్తారు. సొంతంగా కొనుక్కుంటే ఏడాదంతా ఖాళీగా పడి ఉండేవి. 2023 నవంబరు 19 ప్రపంచకప్ ఫైనల్ నాటికి ఒకే క్షణాన చూసేవాళ్ళ సంఖ్య 5.9 కోట్లు.

ఈ అద్దె వసతి వల్లే తెలుగుకంటూ ఒక ఓటీటీ పుట్టగలిగింది. అల్లు అరవింద్ ముందుండి నడిపిన ‘ఆహా’ లాంఛనంగా మొదలైంది 2020 మార్చి 25, ఉగాది నాడు. లాక్‌డౌన్ మొదటి రోజు అది. ఆ సెప్టెంబరు 5న నాని ‘వి’ థియేటర్ ముఖం చూడకుండా నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. నిడమనూరులో, న్యూజెర్సీలో ఒకేసారి. ఎ, బి, సి సెంటర్ల వరుసలో ఏమైనా మిగిలి ఉంటే అది ఆ రోజు చెరిగిపోయింది. దాని మూల్యం థియేటర్ కట్టింది. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి మరీ, థియేటర్‌కూ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాల ఎడం ఉండాలని చర్చించుకోవాల్సి వచ్చింది. 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు తలుపులు మూసుకున్నాయి, జనం రాక.

ఊరు పంపే బొమ్మ

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇది. ఇంతకాలం వీడియో పట్నం నుంచి పల్లెకు వచ్చింది. ఇప్పుడు పల్లె కూడా పంపుతోంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ను, అందులోని గంగవ్వను తెలంగాణ అంతా ఇంటి మనుషుల్లా గుర్తుపడుతుంది. స్టూడియో లేదు, డిస్ట్రిబ్యూటర్ లేడు. యూట్యూబ్ సర్వర్లే థియేటర్.

మన ఊళ్ళలో దీని రూపం పెళ్ళి లైవ్. కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్ళు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో ఎన్నో. సెలవు దొరకని అన్న, వీసా భయంతో కదలని అక్క అక్కడ అర్ధరాత్రి మేలుకుని తలంబ్రాలు చూస్తారు. వీడియోగ్రాఫర్ రెండు కెమెరాలు, ఒక మిక్సర్, రెండు మూడు కంపెనీల సిమ్ములు కలిపి వాడే చిన్న యంత్రం పెట్టుకుంటాడు. ఒక సిగ్నల్ పడిపోతే ఇంకోటి ఆదుకోవాలి. కొంచెం తేటగా కనిపించాలన్నా సెకనుకు మూడు నాలుగు మెగాబిట్లు పైకి ఎక్కాలి. మన నెట్‌వర్కులు కిందికి దించడానికి తయారైనవి, పైకి ఎక్కించడంలో నీరసం. బ్యాండు వాళ్ళు హిట్టు పాట ఎత్తుకున్నారా, యూట్యూబ్ యంత్రం కాపీరైట్ పసిగట్టి లైవ్ ఆపేయవచ్చు. సరిగ్గా మాంగల్యధారణ వేళకు అలా ఆగితే అక్కడ మేలుకున్న వాళ్ళకు ఆ నిమిషం మళ్ళీ రాదు. అందుకే ముహూర్తం దగ్గర పడగానే అనుభవమున్న వీడియోగ్రాఫర్లు పాటలు ఆపించేస్తారు.

రైతుకూ ఈ దారి తెరుచుకుంది. 2024 మార్చి 6న రాష్ట్ర ప్రభుత్వం ‘రైతు నేస్తం’ పేరుతో మొదటి విడతగా 110 రైతు వేదికల్లో వీడియో కాన్ఫరెన్స్ ప్రారంభించింది. రాష్ట్రంలో రైతు వేదికలు 2,601. వరిలో సుడిదోమ కనపడ్డప్పుడు శాస్త్రవేత్తను ముఖాముఖి అడిగే వీలు అది. అడిగే వీలే అసలు సంగతి. కరోనా వేళ 2020 సెప్టెంబరు 1 నుంచి డీడీ యాదగిరి, టీశాట్‌లలో పాఠాలు విన్న బడి పిల్లలకు ఆ వీలు లేదు. పాఠం వచ్చింది, ప్రశ్న వెనక్కి పోలేదు.

పైకి ఎక్కిన వీడియో ఎవరి దగ్గర ఉంటుందన్నది ఇంకో చిక్కు. పెళ్ళి క్యాసెట్టు ఇంట్లో బీరువాలో ఉండేది. బూజు పట్టినా మనదే. లింకు అలా కాదు. పాస్‌వర్డ్ మరిచిపోయినా, వీడియోగ్రాఫర్ ఛానెల్ మూతపడినా, అద్దె కట్టక క్లౌడ్ ఖాతా ఆగినా, ఆ లింకులో ఉన్న తాతయ్య ఇక కనిపించడు. పెళ్ళి మాట్లాడుకునేటప్పుడే అసలు ఫుటేజీ హార్డ్‌డిస్కులో ఇవ్వాలని ఖరారు చేసుకోవాలి. రెండు డిస్కుల్లో తీసుకుని రెండిళ్ళలో దాచుకుంటే మేలు.

ఇక పైకి ఎక్కించే వేగం సంగతి. మిషన్ భగీరథ మంచినీటి పైపులతో పాటే ఊళ్ళకు ఫైబర్ గొట్టాలు వేయాలని తలపెట్టిన టీ-ఫైబర్, 2024 డిసెంబరు 8న సంగుపేట, అడవి శ్రీరాంపూర్, మద్దూరుల్లో ప్రయోగాత్మకంగా ఇళ్ళకు చేరింది. గాలిలో టవర్ సిగ్నల్ పంచుకోవడం వేరు, ఇంటికి సొంత తీగ ఉండటం వేరు. తీగ వస్తే పైకి ఎక్కించే వేగం కిందికి దించే వేగానికి దీటుగా ఇవ్వొచ్చు. నిడమనూరు మండలంలో ఆ తీగ వచ్చిన రోజు గ్రామసభలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: కిందికి ఎంత అని కాదు, పైకి ఎంత ఇస్తారని.