గుర్తు లేదన్న మాట, జరగలేదన్న మాట

గత శీతాకాలంలో ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతున్నాను. మా వీధి చివర కుట్టుపని చేసుకునే భాయి ఎదురొచ్చి సలాం చెప్పి, "మౌల్సాబ్, పిల్లలకు రగ్గులు వచ్చాయా?" అని అడిగాడు. ఏ రగ్గులని అడిగాను. మదరసాలో ఉండి చదువుకునే పేద విద్యార్థుల కోసం నెల క్రితం మూడు వేల రూపాయలు నా చేతికే ఇచ్చానన్నాడు. నేను వుజూ చేయడానికి చేతులు మడుచుకుంటున్నప్పుడు ఇచ్చాడట.

"లేదు భాయీ, మీరు నాకివ్వలేదు. ఇచ్చి ఉంటే రసీదు పుస్తకంలో ఉండేది" అన్నాను. పక్కన నలుగురు నిలబడి ఉన్నారు. అతని ముఖం చిన్నబోయింది. "సరే మౌల్సాబ్, నేనే పొరబడ్డానేమో" అని చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయాడు.

రాత్రి భోజనం దగ్గర ఈ సంగతి నా ఇల్లాలికి చెప్పాను. ఆమె మాట్లాడకుండా లేచి వెళ్లి, ట్రంకు పెట్టెలోంచి ముడి వేసిన రుమాలు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. విప్పి చూస్తే ఆరు ఐదు వందల నోట్లు. "ఏమండీ, ఉతకడానికి తీసినప్పుడు మీ కుర్తా జేబులో దొరికాయి. ఆ రాత్రే చెప్పాను. మీరు పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఊఁ అన్నారు. రెండు రోజులాగి మళ్లీ చెప్పాను. అప్పుడూ ఊఁ అన్నారు" అంది.

నాకు యాభై నాలుగేళ్లు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కోవడం, ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్లి ఎందుకొచ్చానా అని నిలబడిపోవడం, మూడేళ్లు నా దగ్గర చదివిన విద్యార్థి బజారులో ఎదురైతే అతని పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోవడం, ఇవన్నీ నాకు అలవాటైపోయాయి. వాటిని నవ్వుతూ చెప్పుకుంటాను కూడా. కానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. ఒక మనిషి తాను చేసిన దానధర్మాన్ని గుర్తు చేస్తే, నలుగురి ముందు అతణ్ణి అబద్ధాలకోరుగా నిలబెట్టాను. డబ్బు సంగతి మరచిపోవడం నా తప్పు కాకపోవచ్చు. "ఇవ్వలేదు" అన్న మాట మాత్రం నా తప్పే. నాకు తెలిసినది "గుర్తు లేదు" అన్నంత మాత్రమే.

విచిత్రమేమిటంటే, ఈ రెండు మాటల మధ్య తేడాను నేను ఇరవై ఏళ్లకు పైగా విద్యార్థులకు పాఠంగా చెబుతున్నాను. హదీసు శాస్త్ర నియమాలలో ఒక ప్రకరణం ఉంది. గురువు ఒక హదీసు చెప్పాడు, శిష్యుడు విన్నాడు. కొన్నాళ్లకు గురువు దాన్ని మరచిపోయాడు. అప్పుడు ఆ ఉల్లేఖనం ఏమవుతుంది? గురువు "నేను చెప్పనే లేదు, ఇతడు నాపై అబద్ధమాడుతున్నాడు" అని ఖండితంగా అంటే దాన్ని స్వీకరించరు. "నాకు గుర్తు లేదు" అని మాత్రమే అంటే, శిష్యుడు విశ్వసనీయుడైన పక్షంలో, అధిక సంఖ్యాకులైన పండితులు దాన్ని స్వీకరిస్తారు. (మా హనఫీ పండితుల్లో కొందరు ఇక్కడ విభేదించారు. ఆ చర్చ వేరు.)

దీనికి ఉదాహరణగా మేము చెప్పేది మదీనా వాసి సుహైల్ బిన్ అబీ సాలిహ్ గారి సంఘటన. ఆయన తన తండ్రి ద్వారా హజ్రత్ అబూ హురైరా (ర) నుండి ఒక హదీసు ఉల్లేఖించారు. ఒక సాక్షి, దానికి తోడు వాది ప్రమాణం, వీటి ఆధారంగా దైవప్రవక్త (స) తీర్పు చెప్పిన విషయం అందులో ఉంది. ఇమామ్ మాలిక్ గారి గురువైన రబీఆ దాన్ని సుహైల్ నుండి విన్నారు. తర్వాత సుహైల్‌కు జబ్బు చేసి జ్ఞాపకశక్తి కొంత దెబ్బతింది. అబ్దుల్ అజీజ్ అనే ఉల్లేఖకుడు ఆయన వద్దకు వెళ్లి ఈ హదీసు ప్రస్తావిస్తే ఆయనకు గుర్తు రాలేదు. అయినా కాదనలేదు. రబీఆ నమ్మదగినవాడు, నేను చెప్పానని అతడంటున్నాడు కనుక చెప్పే ఉంటాను అని అంగీకరించారు. అటు తర్వాత ఆ హదీసు చెప్పవలసి వచ్చినప్పుడల్లా, ఇది రబీఆ నా నుండి విని నాకు తెలిపినదని, ఆ పైన తన తండ్రి పేరు చెప్పేవారు. తన మాటనే తన శిష్యుడి ద్వారా తిరిగి స్వీకరించి, ఆ సంగతిని దాచకుండా ఉల్లేఖక పరంపరలోనే చేర్చారు. ఈ వివరం సుననె అబూ దావూద్‌లో ఉంది. ఇలా చెప్పి మరచిన గురువులు ఎంతమంది ఉన్నారంటే, ఖతీబ్ బగ్దాదీ (మరణం హిజ్రీ 463) వారి గురించి ప్రత్యేకంగా గ్రంథమే రాశారు. తర్వాత సుయూతీ (మరణం హిజ్రీ 911) దాన్ని సంక్షిప్తం చేశారు.

ప్రతి సంవత్సరం ఈ పాఠం చెప్పి, పరీక్షలో ప్రశ్న కూడా ఇచ్చాను. ఆ రాత్రి నేను దిద్దుతూ ఊఁ అన్న పేపర్లలో ఆ ప్రశ్నకు జవాబులూ ఉన్నాయి.

మన ప్రవక్త (స) జీవితంలోని సంఘటన ఇంకా లోతైనది. ఒకసారి ఆయన మధ్యాహ్నానంతర నమాజులో రెండు రకాతులకే సలాం చెప్పి లేచారు. హజ్రత్ అబూ బక్ర్ (ర), హజ్రత్ ఉమర్ (ర) అక్కడే ఉన్నారు, గౌరవం కొద్దీ అడగలేకపోయారు. చేతులు పొడవుగా ఉండడం వల్ల జుల్‌యదైన్ అని పిలవబడే ఒక సహాబీ మాత్రం, నమాజు తగ్గించబడిందా లేక మీరు మరచిపోయారా అని అడిగారు. ఆ రెండూ జరగలేదని ప్రవక్త (స) అన్నారు. కానీ అంతటితో ఆగలేదు, ఇతను చెప్పేది నిజమేనా అని అక్కడున్నవారిని అడిగారు. వారు అవునన్నారు. ఆయన ముందుకు వెళ్లి మిగిలిన రకాతులు పూర్తి చేసి, మరపుకు సంబంధించిన సజ్దాలు చేశారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. వహీ అవతరించే మహనీయులే పక్కవారి జ్ఞాపకాన్ని అడిగి సరిచూసుకున్నారు. నేను రసీదు పుస్తకం పేరు చెప్పి తప్పుకున్నాను.

మతిమరుపు పాపాల ఫలితమని కొందరు వెంటనే అనేస్తారు. పాపం హృదయాన్ని మసకబరుస్తుందన్నది కాదనలేని మాటే. కానీ తాళంచెవి మరచిన ప్రతి మనిషికీ ఆ తీర్పు అంటగట్టడం నాకు నచ్చదు. హజ్రత్ మూసా (అలై) వెంట ప్రయాణించిన యువకుడు చేపను మరచిపోయాడు. ఆ మరచిన చోటే వారు వెతుకుతున్న గమ్యమయింది. ఉపవాసంలో మరచి తిన్నవాడి ఉపవాసం చెల్లుతుంది. నమాజు మరచినవాడు గుర్తొచ్చినప్పుడు చేసుకోవాలి. ఇమాము తప్పితే వెనకనున్నవారు లుఖ్మా ఇస్తారు. మనిషి మరుస్తాడన్న సంగతిని షరీఅత్ ముందే లెక్కలోకి తీసుకుంది. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు, బఖరా సూరాలోని 282వది, అప్పును కాగితంపై పెట్టడం గురించే. చిన్న మొత్తమైనా పెద్ద మొత్తమైనా రాసుకోవడానికి విసుగు పడవద్దని అందులో ఆదేశం ఉంది. మూడు వేలు చిన్న మొత్తమని నేను తర్వాత రాద్దామనుకున్నానో, అసలేమీ అనుకోలేదో!

నిజానికి నా మరపులో సగం మరపే కాదు. చేతులు మడుచుకుంటూ నమాజుకు ఆలస్యమవుతోందన్న ధ్యాసలో పుచ్చుకున్న డబ్బు, పేపర్లు దిద్దుతూ విన్న మాట మనసులో నాటుకోనే లేదు. నాటనిది మొలకెత్తదు. నడివయసులో బాధ్యతలు నాలుగు వైపులా లాగుతాయి. ఒకవైపు పిల్లల పెళ్లిళ్లు, మరోవైపు తల్లిదండ్రుల జబ్బులు. ఇషా తర్వాత అర్ధరాత్రి దాకా ఫోను చూసి, ఫజ్ర్‌కు లేచి, పగలంతా కునికేవాడికి బాదం పప్పులు నానబెట్టి తినిపించినా ప్రయోజనం తక్కువ. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ తక్కువ కావడం, అదుపులో లేని షుగరు, మనోవ్యాకులత, నిద్రకూ అలర్జీకీ వాడే కొన్ని మాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. నెలసరి ఆగే వయసులో స్త్రీలకూ నిద్ర చెడి ఇలాంటి ఇబ్బంది కలుగుతుంది. వీటిలో చాలావరకు చికిత్సకు లొంగేవే.

పేరు ఆలస్యంగా గుర్తుకు రావడం వేరు. రోజూ నడిచే వీధిలో దారి తప్పడం, అడిగిన ప్రశ్ననే అడిగానన్న స్పృహ లేకుండా మళ్లీ మళ్లీ అడగడం, చేయి తిరిగిన వంట చేయలేకపోవడం వేరు. ఇలాంటివి కనిపిస్తే గాలి సోకిందని తాయెత్తుల వెంట తిరగకుండా డాక్టరుకు చూపించాలి. ఈ మార్పును రోగి కన్నా ఇంటివారే ముందు కనిపెడతారు. అందుకే ఇంటివారు చెప్పిన మాటను కొట్టిపారేయకూడదు. మన ఇళ్లలో భార్య "నిన్న చెప్పాను కదా" అంటే భర్త "చెప్పలేదు" అంటాడు. ఆమె ఎక్కువ వాదించదు. ఎన్ని ఇళ్లలో ఎన్ని వేలసార్లు ఆమె మాట అలా అబద్ధమయిందో!

నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. మర్నాడు మగ్రిబ్ తర్వాత అదే మెట్ల మీద ఆ భాయిని ఆపి, క్రితం రోజు విన్నవారిని కూడా పిలిచి, డబ్బు దొరికిందని, అతను చెప్పింది నిజమని, నన్ను క్షమించమని చెప్పాను. అతను నా చేతులు పట్టుకున్నాడు. "పర్వాలేదు మౌల్సాబ్. కానీ మీరంత గట్టిగా చెప్పేసరికి, ఇంటికెళ్లి మా ఆవిడను రెండుసార్లు అడిగాను, నేను నిజంగా ఇచ్చానా లేదా అని" అన్నాడు. ఆ మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించింది.

ఈ ఏడు చలి మొదలవగానే అతను మళ్లీ వచ్చాడు. ఈసారి వుజూ దగ్గర కాదు, మదరసా గదికే. నేను చేయి చాస్తే నోట్లు గుప్పిట్లోనే ఉంచుకుని నవ్వుతూ, "ముందు రసీదు పుస్తకం తీయండి మౌల్సాబ్" అన్నాడు. తీశాను. తేదీ, మొత్తం రాసి, పేరు రాయబోయి కలం ఆగింది. పదిహేనేళ్లుగా ఎరిగిన మనిషి. అతను చిరునవ్వుతో తన పేరు చెప్పాడు, రాసుకున్నాను.