కరెంటు బండికి జబ్బు చేస్తే

పోయిన ఉగాదికి మనవాళ్లం పదిమందిమి ఒకచోట చేరినప్పుడు కరెంటు బండి ప్రస్తావన వచ్చింది. ఒకరు ధర అడిగారు. ఒకరు ఒక్క ఛార్జింగుకు ఎంత దూరం పోతుందని అడిగారు. ఒక పెద్దమనిషి రంగులేమేమి ఉన్నాయని కూడా అడిగారు. అది చెడిపోతే బాగుచేసేవాడు ఎక్కడున్నాడని మాత్రం ఒక్కరూ అడగలేదు. మా బావమరిదీ 2023లో అడగలేదు. అడగనందుకు అతను పడ్డ అవస్థ, అతనితోబాటు నేను తిరిగిన తిరుగుడు చదువరులలో కొందరికైనా పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

బావమరిదిది గుడియాత్తంలో లుంగీల వ్యాపారం. పెద్దదేమీ కాదు. మగ్గాలున్న వీధులకు పోయి సరుకు ఎత్తుకోవడం, మూటగట్టి వేలూరు దుకాణాలకు వేయడం. వారానికి మూడు మార్లు వేలూరు, తక్కిన రోజుల్లో చుట్టుపక్కల పల్లెలు. పెట్రోలుకే లాభంలో సగం పోతున్నదని ఏడాదిపాటు గొణిగి, చివరకు కరెంటు బండి మీద మనసు పెట్టాడు. అంతలో 2023 జూన్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం సబ్సిడీని కిలోవాట్ అవర్‌కు 15,000 నుంచి 10,000 రూపాయలకు తగ్గించబోతున్నదనీ, బండి ధరలో 40 శాతం దాకా ఇచ్చేది ఇకమీద 15 శాతం మించదనీ వార్త వచ్చింది. ఇంకేముంది! మే నెలాఖరులో, ముహూర్తం దాటిపోతున్న పెళ్లికి పట్టుచీర కొన్నట్టు, వేలూరులో ఒక షోరూముకు పోయి కొనేశాడు. గుడియాత్తంలో ఆ కంపెనీకి సర్వీసు లేదన్న సంగతి రసీదు చేతికి వచ్చిన తర్వాత తెలిసింది. "పక్కనేగా సార్ వేలూరు" అన్నాడట షోరూము కుర్రవాడు. బండి నడిచినంతవరకు పక్కనే, నిజమే.

మొదటి ఏడాది నిక్షేపంగా నడిచింది. అంగడివీధిలో వెనుకనుంచి వస్తే చప్పుడు లేక ఆవులు కూడా దారి ఇవ్వడం లేదన్నదొక్కటే అతని ఫిర్యాదు. ఒకసారి వెనుక చక్రం పంక్చరైంది. మోటారు ఆ చక్రంలోనే ఉంటుంది గనుక, వైర్లు చూసి మా వీధి సైకిలుషాపు ఆయన, "నాకొద్దు నాయనా, ఇది మీ కంపెనీవాళ్లే విప్పాలి" అని చేతులెత్తేశాడు. అది శకునమని అప్పుడు మాకు తోచలేదు.

2024 ఏప్రిల్ 18. వేలూరు ఎండ సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం రెండు గంటల వేళ, వెనుక రెండు మూటలు, కె.వి. కుప్పం దాటాడో లేదో, తెర మీద 42 శాతం అని చూపుతూ ఉండగానే బండి గతుక్కున ఆగిపోయింది. చింతచెట్టు కింద అరగంట కూర్చుని మీట నొక్కితే మళ్లీ బయలుదేరింది. అలసిపోయిందేమో అనుకున్నాడు మా అమాయకుడు. వారం తిరక్కుండా లత్తేరి దగ్గర మళ్లీ అదే తంతు. మూడోసారి ఎంత నొక్కినా లేవలేదు. మావైపు 'కుట్టి యానై' అంటారే, ఆ చిన్న లారీకి పన్నెండు వందలు పోసి వేలూరు చేర్చవలసి వచ్చింది.

షోరూములో కంప్యూటరు తగిలించి, "సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాం, ఇక ఢోకా లేదు" అన్నారు. అయిదు రోజులకు ఢోకా వచ్చింది. ఈసారి బండిని అక్కడే ఉంచమన్నారు. అడిగినప్పుడల్లా ఒక కారణం: చెన్నై నుంచి మనిషి రావాలి, మనిషి వచ్చాడుగాని పరికరం రావాలి, తెలిసిన కుర్రవాడు హోసూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఆ చివరి మాట విన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కష్టమూ తోచింది. హోసూరులో ఏథర్ కార్ఖానా, కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఓలా కార్ఖానా, మనకు కూతవేటు దూరంలో రాణిపేటలో 2021లో తెరిచిన ఆంపియర్ కార్ఖానా. దేశానికంతా బండ్లు మన చుట్టుపక్కలనే తయారవుతున్నవి. చెడిన బండికి వైద్యుడు మాత్రం దొరకడు.

ఇది మా ఒక్కరి గోడు కాదని తర్వాత తెలిసింది. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా ఒక్క ఓలా బండ్ల మీదనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు 10,644 ఫిర్యాదులు వెళ్లాయి. 2024 అక్టోబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి నోటీసు ఇచ్చింది. వాటిలో 99.1 శాతం పరిష్కరించామని కంపెనీ జవాబు చెప్పుకున్నది. మా బావమరిది బండి ఆ కంపెనీది కాదు లెండి.

ఇక ఇంట్లో సంగతి వేరే. మా అత్తగారు మొదటినుంచీ ఆ బండిని పాము పుట్టను చూసినట్టు చూసేది. కారణం ఉన్నది. 2022 మార్చి 25 రాత్రి మన వేలూరు చిన్న అల్లాపురంలో, ఛార్జింగుకు పెట్టిన కరెంటు బండి అంటుకుని, ఆ పొగకు ఊపిరాడక ఒక తండ్రీ కూతురూ చనిపోయారు. ఆ మరుసటి నెలలోనే విజయవాడలో ఒకరు, నిజామాబాదులో ఒకరు ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి పోయారు. ఆ ఏప్రిల్‌లో ఒకినావా 3,215 బండ్లను, ప్యూర్ ఈవీ 2,000 బండ్లను, ఓలా 1,441 బండ్లను తనిఖీకని వెనక్కు పిలిచాయి. అటుపిమ్మట ప్రభుత్వం బ్యాటరీల పరీక్షలు కఠినం చేసి, కొన్నిటిని 2022 డిసెంబరు 1 నుంచి, తక్కినవాటిని 2023 మార్చి 31 నుంచి అమలు చేసింది. సెకండుహ్యాండు బండి కొనేవారు తయారీ తేదీ ఈ గడువుకు ముందుదా తర్వాతదా అని ఒకసారి చూసుకోవడం మేలు.

"ఇది ఆ కంపెనీది కాదమ్మా" అనేవాడు బావమరిది. "కంపెనీ ఏదైతేనేమిరా, నిప్పు నిప్పేగా" అనేది ఆమె. నేను వెళ్లి చూస్తే బండి పెట్టే చోటు నడవలో, మెట్ల కింద. వీధిగుమ్మానికీ పడకగదికీ మధ్య అదొక్కటే దారి! రాత్రిపూట దానికి ఏమైనా అయితే లోపలివాళ్లు బయటికి వచ్చేదెట్లా? నాకు ఒళ్లు జలదరించింది. పైగా ఛార్జరు ప్లగ్గు ఒక సన్నని పొడుగు వైరుకు తగిలించి ఉంది. తాకితే వెచ్చగా ఉంది. ఆ విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను. అతను మూడు రోజులు నాకు ఫోను చేయలేదు.

మే నెలాఖరున షోరూముకు తాళం పడింది. ఎందుకని అడిగితే పక్క కొట్టువాడికీ తెలియదు. బండి మాత్రం, అదృష్టవశాత్తు, అంతకు రెండు రోజుల ముందే తెచ్చుకున్నాడు.

అప్పటిదాకా నేను సలహాలు ఇస్తూ వచ్చాను. ఇక కాగితం పట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఫైళ్లు కట్టినవాణ్ణి, నాకు చేతనైన విద్య అది. "జాబ్ కార్డులు ఇవ్వు" అన్నాను. "అవేమిటి బావా?" అన్నాడు. నాలుగుసార్లు బండి అప్పగించి ఒక్క కాగితం తీసుకోలేదు! "తెలిసినవాళ్లు బావా, కాగితం అడిగితే ఏమనుకుంటారు?" అని అతని మొగమాటం. చివరకు అతని ఫోనులో ఉన్న మెసేజీలు, ఆగిపోయినప్పుడు తెర మీద తీసిన ఫొటోలు, కుట్టి యానై రసీదు పోగుచేసి, తేదీలవారీగా ఒక పట్టిక రాశాను. బండి నంబరు, బ్యాటరీ మీది నంబరు, కొన్న రసీదు, మూడేళ్ల వారంటీ కాగితం జతచేసి కంపెనీ ప్రధాన కార్యాలయానికి రశీదు జాబుతో రిజిస్టర్డు పోస్టులో పంపాను. (2025 సెప్టెంబరు నుంచి ఆ రిజిస్టర్డు పోస్టు కాస్తా స్పీడుపోస్టులో కలిసిపోయింది. నాబోటి గుమాస్తాలకు అదొక బంధువియోగం.) జూన్ 10న 1915కు ఫోను చేశాము. అదే జాతీయ హెల్ప్‌లైను. అక్కడ తెలుగులోనూ తమిళంలోనూ కూడా మాట్లాడవచ్చు. వాళ్లు ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరుతో కంపెనీకి ఇంకొక జాబు రాశాను.

జూన్ నెలాఖరుకు చెన్నై నుంచి ఒక ఇంజనీరు గుడియాత్తం వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్థుడు. బ్యాటరీ విప్పి, మీటరు పెట్టి కొలిచి, నాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. లోపల చిన్న చిన్న సెల్లులు వరుసగా కట్టి ఉంటాయి. ఒకే కాడికి కట్టిన ఎడ్ల వంటివి అనుకోండి. అందులో ఒక జత నీరసపడింది. బరువుమీద, ఎండలో లాగేటప్పుడు అది ముందుగా చతికిలపడుతుంది. బి.ఎం.ఎస్. అనే కాపలా పరికరం, ఆ జత పాడైపోకుండా మొత్తం బండినే ఆపివేస్తుంది. తెర మీది 42 శాతం మొత్తం మీద వేసిన లెక్కే గాని, ఆ నీరసపు జత లెక్క కాదు. కాసేపు ఆగితే అది కొంచెం తేరుకుంటుంది గనుక బండి మళ్లీ కదులుతుంది. అంటే సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం లేదు. ఈ మాట చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఇది తెలుసుకోవడానికి మాకు రెండున్నర నెలలు పట్టింది.

జూలై 12న బ్యాటరీ మార్చారు. మొదట ఆగిన నాటి నుంచి ఎనభై అయిదు రోజులు. ఇచ్చినది కొత్తది కాదు, బాగుచేసినది. ఆ సంగతి కాగితం మీద రాయించి, కొత్త నంబరు వేయించి, మిగిలిన వారంటీ దీనికీ వర్తిస్తుందని సంతకం తీసుకున్న తర్వాతనే పాతది ఇచ్చాను. ఇంజనీరు నవ్వి, "సార్ కోర్టులో పనిచేస్తారా?" అన్నాడు.

పోయిన రోజులకు, లారీ బాడుగకు, చేజారిన రెండు దుకాణాలకు పైసా రాలేదు. జిల్లా వినియోగదారుల కమిషనుకు పోదామన్నాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాడు కాపురమున్న జిల్లాలోనే దావా వేయవచ్చు. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. అయిదు లక్షల లోపు వస్తువైతే ఫీజు లేదు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు గడువు. ప్లీడరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. అన్నీ విని, "వద్దు బావా, వాయిదాలకు తిరిగే రోజుల్లో నాలుగు మూటలు వేసుకుంటాను" అన్నాడు. అతను చెప్పినదీ తప్పని అనలేను. కాని నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఈ విషయం వస్తే మా ఇద్దరికీ ఇప్పటికీ వాదమే.

బండి ఇప్పుడు నడవలో లేదు. పక్కింటివారి ఖాళీజాగాలో రేకులు దించి, ఇంటి నుంచి ఎర్తింగుతో సహా విడిగా లైను లాగించి, పదిహేను ఆంపియర్ల ప్లగ్గు పెట్టించాడు. ఎండన పడి వచ్చిన బండిని ఒక గంట చల్లారనిచ్చి ఆ తర్వాతనే ఛార్జింగు పెడతాడు. రాత్రి తొమ్మిది కాగానే అత్తగారు చేతికర్ర పట్టుకుని వెళ్లి, ఎంత ఎక్కిందని కూడా చూడకుండా స్విచ్చి ఆర్పి వస్తుంది. ఒకనాడు 60 శాతం దగ్గరే ఆర్పేసిందని కొడుకు విసుక్కుంటే, "వేలూరు దాకా పోతుందా లేదా?" అని అడిగింది. పోతుందన్నాడు. "మరి పడుకో" అన్నది.